తప్పు మీద విచారణ

(నెల్లూరులో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి నాయనా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకోకండి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

బ్యానర్ మీద 'ఓటమి నుంచి గెలుపు వైపు' అని రాశారు. నేను మీకు ఉత్సాహం నూరిపోస్తానని పిలిచినవాళ్లు అనుకుని ఉంటారు. నాకు ఆ విద్య రాదు. దాని మీద పెద్ద నమ్మకం కూడా లేదు. ఇక్కడ చప్పట్లు కొడతారు, బయట టీ తాగేలోపు సగం దిగిపోతుంది, రూముకి వెళ్లి పుస్తకం తెరిచేసరికి మిగతా సగం పోతుంది. లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. క్లాసులో నన్ను ఎప్పుడూ వేధించిన ప్రశ్న ఒక్కటే: తెలివైన పిల్లలు కూడా ఒకే తప్పు మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తారు? మొదటిసారి తప్పు చేయడంలో వింతేమీ లేదు. నాలుగోసారి కూడా అదే తప్పు చేస్తే, మధ్యలో ఏదో పని జరగాల్సింది, జరగలేదన్నమాట. ఆ పని గురించే ఈ రోజు మాట్లాడతాను.

మనకి శ్రీహరికోట ఎంతో దూరం కాదు. ప్రయోగం ఉందంటే మేడ ఎక్కి ఆకాశం వైపు చూడని ఇల్లు ఈ ఊళ్లో తక్కువే. అందుకని అక్కడి నుంచి బయల్దేరిన ఒక యంత్రం సంగతితో మొదలుపెడతాను.

చంద్రయాన్-2. 2019 జులై 22న ఎగిరింది. సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటాక, విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగాలి. మీలో చాలామంది టీవీ ముందు మేలుకునే ఉండి ఉంటారు. నేలకి 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా బాగానే ఉందన్నారు, తర్వాత సిగ్నల్ పోయింది. తెల్లారాక అందరూ చూసింది ఇస్రో ఛైర్మన్ శివన్ గారి కన్నీళ్లు, ప్రధాని ఆయన్ని దగ్గరికి తీసుకోవడం. మనకి గుర్తున్నది ఆ దృశ్యమే. నాకు మాత్రం ఆ తర్వాత కెమెరాలు లేని గదుల్లో ఏం జరిగిందన్నదే ముఖ్యం.

అసలు ఏం తప్పు జరిగింది? చంద్రయాన్-3 ఎగరబోయే ముందు, 2023 జులైలో, అప్పటి ఛైర్మన్ సోమనాథ్ గారు దీన్ని విడమరిచి చెప్పారు. కొంచెం ఓపిగ్గా వినండి, ఇందులో మనకి కావలసింది చాలా ఉంది.

ల్యాండర్ 30 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి కిలోమీటరున్నరకి పైగా వేగంతో పోతూ ఉంటుంది. ఆ వేగాన్ని తగ్గించుకుంటూ నెమ్మదిగా దిగాలి. బ్రేకు వేయడానికి దానికి ఐదు ఇంజన్లు ఉన్నాయి. ఆ ఐదూ అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ బలంతో నెట్టాయి. ఎక్కువ బలమంటే మంచిదే కదా అనుకోకండి. లెక్క ఒకలా వేసుకుని ఉన్నప్పుడు ఎక్కువైనా తేడాయే, తక్కువైనా తేడాయే. ఆ తేడా మొదట్లో చిన్నదే. కానీ ఆ దశలో ల్యాండర్ కదలకుండా ఒకే భంగిమలో ఉండాలి, ఎందుకంటే కెమెరాలు కింద నేలని ఫోటోలు తీయాలి. కాబట్టి తేడా కనబడుతున్నా, ఆ దశ అయిపోయేదాకా దాన్ని సరిచేసుకునే అవకాశం ల్యాండర్‌కి లేదు. తప్పులన్నీ పోగుపడ్డాయి.

ఆ దశ అయ్యాక ఒక్కసారిగా అన్నీ సరిచేసుకోవాల్సి వచ్చింది. చాలా వేగంగా తిరగాలి. అంత వేగంగా తిరగాల్సి వస్తుందని ఎవరూ ఊహించలేదు, అందుకని సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక హద్దు పెట్టి ఉంచారు. అది అడ్డం పడింది. ఇక మూడోది. దిగాల్సిన చోటుని 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పుగా నిర్ణయించారు. ల్యాండర్ అక్కడికే చేరాలని చూసింది. నేల దగ్గరపడుతోంది, వేగం తగ్గించుకోవాలి, కానీ ఆ చిన్న చదరంలోకి చేరాలంటే వేగం పెంచాలి. పెంచింది. మిగతాది మీకు తెలుసు.

ఇప్పుడు ఇందులో ఏ ఒక్క తప్పూ సొంతంగా ఘోరమైనది కాదు. ఇంజన్లు పేలిపోలేదు, ఎవరూ నిద్రపోలేదు. చిన్న తేడా వచ్చింది, దాన్ని అప్పటికప్పుడు సరిచేసుకునే వీలు లేకపోయింది, సరిచేసుకునే సమయం వచ్చేసరికి అది పెద్దదైంది, పైగా లక్ష్యాన్ని అంగుళం కూడా జరపలేనంత ఇరుకుగా గీసుకున్నారు.

మీ టైంటేబుల్స్ నేను చూస్తూనే ఉంటాను. రూము గోడ మీద స్కెచ్ పెన్నులతో రాసి అంటిస్తారు. పొద్దున నాలుగున్నరకి లేవాలి, రాత్రి పదకొండుకి పడుకోవాలి, మధ్యలో పద్నాలుగు గంటల చదువు. స్నానానికి పది నిమిషాలు. అందులో అమ్మకి ఫోన్ చేయడానికి చోటు లేదు, జ్వరానికి చోటు లేదు, కరెంటు పోవడానికి చోటు లేదు. మూడో రోజు ఒక గంట జారుతుంది. దాన్ని సర్దుకోవడానికి ఎక్కడా ఖాళీ లేదు కాబట్టి 'ఆదివారం కవర్ చేద్దాం' అంటారు. ఆదివారానికి తొమ్మిది గంటల బాకీ తేలుతుంది. సోమవారం ఆ కాగితం చించేసి కొత్తది రాస్తారు, ఈసారి పదిహేను గంటలతో. ఐదు వందల మీటర్ల చదరంలో దిగాలని వేగం పెంచుకున్న ల్యాండర్ చేసిందీ ఇదే.

చంద్రయాన్-3లో వాళ్లు ఏం చేశారో చూడండి. దిగే చోటుని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. లెక్కల మాష్టారిని కదా, చెప్పకుండా ఉండలేను: పాతది పావు చదరపు కిలోమీటరు, కొత్తది 9.6. దాదాపు ముప్పై ఎనిమిది రెట్లు. లక్ష్యం తగ్గించుకున్నారా? లేదు. దక్షిణ ధ్రువం వైపే దిగారు. ఆశయం అదే ఉంచి, తప్పుకి చోటిచ్చారు. మధ్య ఇంజన్ తీసేసి నాలుగింటితో సరిపెట్టారు. సెకనుకి 2 మీటర్ల వేగంతో నేలని తాకితే తట్టుకునే కాళ్లని 3 మీటర్లకి తట్టుకునేలా గట్టిచేశారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం ఒకటి కొత్తగా పెట్టారు. ఇంధనం ఎక్కువ పోశారు. తర్వాత పరీక్షలు. ల్యాండర్ పరికరాలను హెలికాప్టర్‌లో పైకి తీసుకెళ్లి చూశారు, క్రేన్‌కి కట్టి ఇంజన్లు మండించి చూశారు, చంద్రుడి మట్టిలాంటి మట్టి తయారుచేసి దాని మీద కాళ్లు పడేసి చూశారు.

సోమనాథ్ గారు ఒక మాట అన్నారు. అన్నీ సవ్యంగా జరిగితే ఎలా దిగుతుందన్నది పక్కన పెట్టి, ఏమేం చెడిపోవచ్చు, చెడిపోయినా ఎలా దిగుతుంది అన్న ఆలోచనతో దీన్ని తయారుచేశామని. సెన్సార్లు పోయినా, రెండు ఇంజన్లు ఆగినా దిగేలా. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరు దాటాక నాలుగు నిమిషాలకి దిగింది.

ఇంకో చిన్న సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. చంద్రయాన్-2లో పోయింది ల్యాండర్ ఒక్కటే. ఆర్బిటర్ చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. అది తీసిన ఫోటోలు చూసుకునే చంద్రయాన్-3 ఎక్కడ దిగాలో నిర్ణయించారు. పరీక్ష పోయిందంటే అంతా పోయిందని ఏడ్చే పిల్లలకి ఇది చెబుతాను. మీ మార్కుల లిస్టు తెచ్చుకుని చూడండి, ఏది పోయింది, ఏది ఇంకా తిరుగుతోంది అని.

సరే. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ల్యాండర్‌కీ మనిషికీ పోలిక ఇక్కడితో ఆగుతుంది. ల్యాండర్‌కి సిగ్గు ఉండదు. అది కూలిపోతే దాని మీద విచారణ చేసేది వేరేవాళ్లు. వాళ్లకి వందల పేజీల డేటా ఉంటుంది, సెకను సెకనుకీ ఏం జరిగిందో రాసి ఉంటుంది. మన సంగతి అలా కాదు. తప్పు చేసిందీ మనమే, విచారణ చేయాల్సిందీ మనమే. ముద్దాయీ జడ్జీ ఒక్కడే అయినప్పుడు ఏమవుతుంది? అయితే కేసు కొట్టేస్తాడు, లేకపోతే ఉరిశిక్ష వేస్తాడు. 'పేపర్ టఫ్‌గా వచ్చింది సార్' అంటే కేసు కొట్టేసినట్టు. 'నేను దేనికీ పనికిరాను సార్' అంటే ఉరిశిక్ష. రెండింట్లోనూ విచారణ జరగలేదు. ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

కాబట్టి నా దృష్టిలో క్రమశిక్షణ అంటే నాలుగున్నరకి లేవడం కాదు. లేచేవాళ్లు లేవండి, మంచిదే, పాలవాడు కూడా నాలుగింటికే లేస్తాడు. రోజూ ఒక అరగంట మన తప్పుల ముందు కూర్చుని, తిట్టుకోకుండా, వెనకేసుకురాకుండా, వాటిని చూడగలగడం. అదే కష్టం. పద్నాలుగు గంటలు చదవగలిగినవాళ్లు కూడా ఈ అరగంట కూర్చోలేరు, ఎందుకంటే అది చేదుగా ఉంటుంది.

ఎలా కూర్చోవాలో చెబుతాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. మాక్ టెస్ట్ రాసిన రోజే, రాత్రి పడుకునేలోపే, తప్పయిన ప్రతి ప్రశ్నకీ ఒక వరుస. ప్రశ్న ఏమిటి, నేను ఏం పెట్టాను, ఎందుకు పెట్టాను, రేపు ఏం చేస్తాను. నాలుగు గళ్లు, అంతే. అసలు తిప్పలంతా ఆ మూడో గడిలోనే ఉంది.

ఒక ఉదాహరణ. ఒకబ్బాయి నోట్‌బుక్‌లో నేను చూసిందే ఇది. ఒక వస్తువు ధరని 20 శాతం పెంచి, తర్వాత 20 శాతం తగ్గిస్తే చివరికి ధర ఎంత మారింది? వాడు 'మార్పు లేదు' అని పెట్టాడు. 'ఎందుకు' అన్న గడిలో 'సిల్లీ మిస్టేక్' అని రాశాడు. 'రేపు' అన్న గడిలో 'జాగ్రత్తగా ఉండాలి'. కొన్ని పేజీలు తిప్పితే మళ్లీ అలాంటిదే. జీతం 10 శాతం తగ్గించి 10 శాతం పెంచారు. మళ్లీ 'సిల్లీ మిస్టేక్'. ఇంకొన్ని పేజీల తర్వాత చతురస్రం భుజాలు, ఒకటి పెంచి ఒకటి తగ్గించి వైశాల్యం అడిగాడు. మళ్లీ అదే.

నాయనా, 'సిల్లీ మిస్టేక్' అని రాస్తే ఆ గడిలో ఏమీ రాయనట్టే. వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వంద రూపాయలు అనుకో, 20 శాతం పెంచితే ఎంత? నూట ఇరవై. ఇప్పుడు 20 శాతం తగ్గించు. దేని మీద? అక్కడ ఆగిపోయాడు. 'నూట ఇరవై మీద సార్... ఇరవై నాలుగు... తొంభై ఆరు!' అన్నాడు. నాలుగు శాతం నష్టం. అప్పుడు వాడి చేతనే ఆ గడిలో రాయించాను: 'రెండో శాతం దేని మీదో చూసుకోలేదు.' రేపు అన్న గడిలో: 'శాతం అన్న మాట కనబడగానే పక్కన "దేని మీద?" అని పెన్సిల్‌తో రాయాలి.' మూడు తప్పులూ ఒకటే తప్పని వాడికి అప్పుడు తెలిసింది. మనసులో తిట్టుకున్నన్నాళ్లూ అవి మూడు వేరు వేరు అవమానాలు. కాగితం మీద అది చేయాల్సిన ఒక చిన్న పని.

'జాగ్రత్తగా ఉండాలి' అన్నది పని కాదు. రేపు పొద్దున మీ చెయ్యి ఏం చేస్తుందో రాయాలి. 'కానిది ఏది' అన్న ప్రశ్నని 'అయినది ఏది' అని చదివేశారా? 'కానిది' అన్న మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాలి. ఓఎంఆర్ జవాబు పత్రంలో ఒక గడి జారి మొత్తం వరుస తప్పిందా? ప్రతి పదో ప్రశ్న దగ్గర నంబరు సరిచూసుకోవాలి. ఏ రాజ్యాంగ సవరణ ఏ సంవత్సరమో తెలియలేదా? అది తప్పు కూడా కాదు, తెలియనితనం. దానికి మందు చదవడమే. తెలియక చేసినదానికీ, తెలిసీ జారినదానికీ ఒకే మందు వేస్తే రెండూ నయం కావు. చాలామంది చేసేది అదే, ఏ తప్పు జరిగినా మొత్తం పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం.

ఇంకో రకం ఉంది, గుడ్డిగా పెట్టడం. మన ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది కదా. లెక్క వేద్దాం. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెడితే, నాలుగింట ఒకసారి మార్కు వస్తుంది, మూడుసార్లు మూడో వంతు చొప్పున పోతుంది. వచ్చింది ఒకటి, పోయింది ఒకటి. సగటున సున్నా. మీరు పడ్డ టెన్షన్ మాత్రం మిగులు. అదే ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తీసేయగలిగితే? మూడింట ఒకసారి వస్తుంది, రెండుసార్లు మూడో వంతు పోతుంది. మూడు ప్రశ్నలకి మూడో వంతు మార్కు మిగులుతుంది, అంటే ప్రశ్నకి తొమ్మిదో వంతు. చిన్నదే, కానీ మీ వైపే ఉంది. కాబట్టి మాక్ రాసేటప్పుడు గుడ్డిగా పెట్టినదాని పక్కన చుక్క పెట్టుకోండి. రాత్రి నోట్‌బుక్‌లో ఆ చుక్కలన్నీ ఎక్కించండి. కరెక్ట్ అయినవి కూడా! లాటరీలో వచ్చిన మార్కుని చదువుకుని వచ్చిన మార్కు కింద జమ వేసుకుంటే, అసలు పరీక్ష రోజున ఆ అప్పు తీర్చాల్సి వస్తుంది.

నీళ్లు తాగుతాను. ఒక్క నిమిషం.

ఇప్పుడు మానేసిన రోజుల గురించి. మన తెలుగువాళ్లని ఆరంభశూరులని ఊరికే అనలేదు. ఉగాదికి ఒకసారి, నోటిఫికేషన్ పడ్డ రోజు ఒకసారి, పక్కరూము వాడికి ఉద్యోగం వచ్చిన రోజు ఒకసారి కొత్త జీవితం మొదలుపెడతాం. పది రోజులు నడుస్తుంది. పదకొండో రోజు పెళ్లికి వెళ్తాం, పన్నెండో రోజు 'ఎలాగూ పోయింది కదా' అంటాం. గమనించండి, నష్టం పదకొండో రోజు జరగలేదు. పన్నెండో రోజు జరిగింది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. 96 మందిని తీసుకుని పన్నెండు వారాలు చూశారు. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకున్నారు, భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటివి. ఆలోచించకుండానే ఆ పని జరిగే స్థితికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? మీరు వాట్సాప్‌లో చదివే ఇరవై ఒక్క రోజుల లెక్క కాదు. మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18 చాలు, ఒకరికి 254 అని అంచనా. పన్నెండు వారాలే చూసి 254 ఎలా చెప్పారని అడగాలి మీరు, లెక్కల విద్యార్థులైతే. గ్రాఫుని పొడిగించి వేసిన అంచనా అది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ ఆటంకం రాలేదు. ఒక రోజు!

అదే ఏడాది కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులు. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసుకుంటూ పోయినవాళ్లలో, తమని తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. తిట్టుకున్నవాళ్లు మళ్లీ అదే చేశారు. మన ఇళ్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా నమ్ముతాం. 'సిగ్గుపడితేనే బాగుపడతాడు' అంటాం. సిగ్గుపడ్డవాడు పుస్తకం చూస్తే సిగ్గు గుర్తొస్తుంది కాబట్టి పుస్తకం తెరవడు, ఫోను తెరుస్తాడు. ఈ రోజు తల్లిదండ్రులెవరూ రాలేదు, లేకపోతే ఇక్కడ ఇంకో పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి.

అలాగని క్షమించుకోవడమంటే కేసు కొట్టేయడం అనుకునేరు. క్షమించుకున్నాక కూడా ఆ నాలుగు గళ్లూ నింపాల్సిందే. సైకిలు తొక్కేటప్పుడు చూడండి, తిన్నగా పోతున్నామని అనుకుంటాం కానీ హ్యాండిల్ క్షణం ఖాళీ లేకుండా అటూ ఇటూ కదుపుతూనే ఉంటాం. ఆ కదిపే పనే రోజూ జరగాలి. మానేసిన రోజు మర్నాడు రెట్టింపు చదవద్దు. మామూలుగా చదివేది చదవండి. ఆ రాత్రి ఎందుకు మానేశారో ఒక వరుస రాసి పెట్టండి. పోయిన గంటలు పోయాయి, వాటి మీద వడ్డీ కట్టకండి.

ఫోను సంగతి వచ్చింది కాబట్టి బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధు గురించి ఒక మాట. 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం వచ్చాక కోచ్ గోపీచంద్ గారు చెప్పారు, మూడు నెలలుగా ఆ అమ్మాయి దగ్గర ఫోను లేదని, ఇక ఇచ్చేస్తానని. పేపర్లన్నీ దాన్ని పెద్దగా రాశాయి. ఫోను తీసుకోవడం గొప్ప కాదు. ఒలింపిక్స్ ఆడబోయే క్రీడాకారిణికి కూడా, 'నా మనోబలంతో ఫోను చూడకుండా ఉంటాను' అనే పరీక్ష వాళ్లు పెట్టలేదు. వస్తువునే దూరం పెట్టారు. మీరు మాత్రం దిండు కింద ఫోను పెట్టుకుని రాత్రంతా మనోబలంతో పోరాడుతుంటారు. బలాన్ని అలాంటిచోట ఎందుకు ఖర్చు పెట్టాలి? చదువుకునే రెండు గంటలు వార్డెన్‌కో, కింద షాపాయనకో ఇచ్చి రండి.

ఆ తర్వాత సంగతి కూడా చూడండి. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషాల ఆట. 19-21, 22-20, 20-22. రెండు పాయింట్ల తేడాతో పోయింది. 2018లో నాన్‌జింగ్‌లో మళ్లీ ఫైనల్, స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓటమి. 'సింధుకి ఫైనల్స్ గండం' అన్నారు. అన్నవాళ్లలో ఎప్పుడూ రాకెట్ పట్టుకోనివాళ్లే ఎక్కువ. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో మూడోసారి వరసగా ఫైనల్, ఎదురుగా అదే ఒకుహారా. 21-7, 21-7. అంతకుముందు కొన్ని నెలలు కొరియా కోచ్ దగ్గర ఆటలో కొత్త సంగతుల మీద పనిచేసింది. గండం అన్నది జాతకాల మాట. కోచ్‌లు చూసేది ఆటని.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. మొహమాటపడకండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): సార్, నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ డీఎస్సీకి చదువుతున్నాను. ఇంటికొచ్చేసరికి ఆరవుతుంది, ఇంట్లో పని ఉంటుంది. రోజుకి రెండు గంటలకి మించి దొరకదు. మీరు చెప్పిన అరగంట కూడా అందులోంచే పోతే చదివేదెప్పుడు?

సమాధానం: అమ్మా, నీకే అది అందరికంటే ఎక్కువ అవసరం. పద్నాలుగు గంటలు ఉన్నవాడు తెలిసిన పాఠమే మళ్లీ చదివి టైం వృథా చేసుకున్నా చెల్లుతుంది. నీకు చెల్లదు. ఆ రెండు గంటల్లో ఏం చదవాలో నీ తప్పుల పుస్తకమే చెప్పాలి. రోజూ అరగంట వద్దులే, పది నిమిషాలు చాలు, ఆదివారం ఒక గంట. ఇంకొకటి, స్కూల్లో పిల్లల పేపర్లు దిద్దుతావు కదా? వాళ్లు ఎక్కడ తప్పు చేస్తున్నారో చూసి 'ఈ పిల్ల దేనికీ పనికిరాదు' అనుకోవుగా, 'దీనికి హెచ్చవేత రాలేదు, అది చెప్పాలి' అనుకుంటావు. నీ పేపరు కూడా అలాగే దిద్దుకో.

ప్రశ్న: సార్, తప్పులన్నీ రాసుకుంటే కాన్ఫిడెన్స్ పోదా? నాకు ఆ పుస్తకం తెరవాలంటేనే భయం వేస్తుంది.

సమాధానం: వేస్తుంది, మొదటి నెల వేస్తుంది. ఒక చిట్కా చెబుతాను. సరిదిద్దుకున్న తప్పు మళ్లీ టెస్టులో వచ్చి, ఈసారి కరెక్ట్ చేస్తే, పాత వరుస మీద పచ్చ ఇంకుతో గీత కొట్టేయ్. కొన్నాళ్లకి పేజీలు పచ్చబడతాయి. పరీక్ష ముందు రోజు ఎవరి వీడియోలూ చూడకుండా ఆ పుస్తకం తిప్పు.

ప్రశ్న: సార్, నాకు ఇరవై తొమ్మిదేళ్లు. రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయాను. క్రమశిక్షణ ఉంది సార్, నోట్‌బుక్ కూడా ఉంది. ఎప్పుడు ఆపాలి?

సమాధానం: (కాసేపు ఆగి) ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నాలాంటివాళ్లు మైకు ముందు దీన్ని దాటవేస్తుంటారు. పోస్టులు వందల్లో ఉంటాయి, రాసేవాళ్లు లక్షల్లో. అందరూ అన్నీ సరిగ్గా చేసినా చాలామందికి రాదు. ఇది లెక్క, దీన్ని ఏ క్రమశిక్షణా మార్చలేదు. కష్టపడితే తప్పక వస్తుందని నీకు చెబితే నేను అబద్ధమాడినట్టు.

మళ్లీ శ్రీహరికోటకే వెళ్తాను. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కథ అందరికీ తెలుసు, 1979 ఆగస్టు 10న పోయింది, 1980 జులై 18న గెలిచింది. కలాం గారి కథ కాబట్టి తెలుసు. దాని తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వీ గురించి ఎవరూ చెప్పరు. 1987 మార్చిలో మొదటిది, పక్క రాకెట్లు మండి ఆగాయి కానీ ప్రధాన దశ అంటుకోలేదు. 1988 జులైలో రెండోది, అదుపు తప్పి గాల్లోనే విరిగిపోయింది. ప్రొఫెసర్ యు.ఆర్.రావు గారు ఛైర్మన్ అప్పుడు. దాదాపు నాలుగేళ్లు ఆగి, కారణాలు తవ్వి, 1992 మేలో మూడోది పంపారు. ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది కానీ అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులో. 1994 మేలో నాలుగోది, బాగా వెళ్లింది.

ఇప్పుడు చెప్పు, ఐదోది ఎప్పుడు పంపారు? పంపలేదు. బాగా వెళ్లడం నేర్చుకున్నాక ఆపేశారు. ఎందుకంటే అప్పటికే పీఎస్‌ఎల్‌వీ అనే ఇంకా పెద్ద రాకెట్ తయారవుతోంది. పక్కన రాకెట్లు కట్టడం, దారిలోనే లెక్క వేసుకుని తనని తాను నడుపుకోవడం, పైన పెద్ద తొడుగు పెట్టడం, రాకెట్‌ని నిలబెట్టే భాగాలు బిగించడం, ఇవన్నీ ఏఎస్‌ఎల్‌వీలో నేర్చుకుని అక్కడికి తీసుకెళ్లారు. ఆ పీఎస్‌ఎల్‌వీ కూడా 1993 సెప్టెంబరులో మొదటిసారి సముద్రంలోనే పడింది, 1994 అక్టోబరులో గెలిచింది. చంద్రయాన్-1నీ, మంగళ్‌యాన్‌నీ మోసింది అదే. 2017లో ఒకేసారి 104 ఉపగ్రహాలు మోసిందీ అదే. 2025 మేలో మళ్లీ ఒకటి పోయింది, మళ్లీ కమిటీ కూర్చుంది. అలా ఉంటుంది ఆ పని.

కాబట్టి నీకు నేను చెప్పేది, ఫలితాలు వచ్చిన రోజు నిర్ణయం తీసుకోవద్దు, గెలిచినా ఓడినా. మామూలు రోజున, కడుపునిండా తిన్నాక, ఫలానా తేదీ దాకా అని రాసిపెట్టుకుని ఇంట్లో ఒకరికి చెప్పు. ఆ తేదీ దాటితే వేరే పని. అప్పటిదాకా వారానికి కొన్ని గంటలు ఆ రెండో పనికి కూడా పెట్టు, చేతులు కాలాక ఆకులు వెతుక్కోకుండా. నువ్వు నేర్చుకున్న ఎకానమీ, పాలిటీ, రోజూ కూర్చునే అలవాటు, వ్యాసం రాయడం, ఇవి ఏ పనిలోకైనా నీతో వస్తాయి. ఏవి వస్తాయో కూర్చుని చూడాలి, గాల్లో చెప్పేది కాదు. రెండు మెయిన్స్ మార్కుల లిస్టులూ ఉన్నాయా నీ దగ్గర? ఫోన్లో ఉన్నాయా? సరే, ఇది అయిపోగానే వెళ్లిపోకు. ఆ మూల టేబుల్ దగ్గరికి రా, పేపర్ వారీగా చూద్దాం. ఇంకెవరైనా అడుగుతారా?